తూము వైపు దొర్లే బంతి

మోకాళ్ళు అరిగాయి, రోజూ నడవమని డాక్టరు చెప్పినప్పటి నుంచి పొద్దున్నే చెరువుకట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వస్తున్నాను. పరిగెత్తి పరిగెత్తి అరిగిన మోకాళ్ళు నడిస్తే ఎట్లా బాగుపడతాయని అడిగితే ఆయన నవ్వాడు. ఈ ఏడు వానలు మంచివి. చెరువు కట్ట నడుం దాకా నిండింది. మొన్న నడుస్తూ తూము దాటాక ఆగి చూశాను. నీళ్ళ మధ్యలో జానెడు ఎత్తున ఒక ఇనుప పైపు అడ్డంగా కనబడుతోంది. దాని మీద లకుముకి పిట్ట ఒకటి కూర్చుని కిందికి చూస్తోంది. పైపు కింద ఏముందో ఆ పిట్టకు తెలియదు, నాకు తెలుసు. అది నా గోలు. ఏడేళ్ళు దాని కింద నిలబడ్డాను. నేను వదిలేసిన బంతులన్నీ పేటలో వాళ్ళకు ఇప్పటికీ గుర్తున్నాయి. పట్టుకున్నవి మాత్రం నాకొక్కడికే గుర్తు.

గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన నా పక్కన ఆగాడు. కణేకల్ వైపు నుంచి మందలు మేపుకుంటూ వచ్చినవాళ్ళలో ఒకడు. "ఏమన్నా, అంతసేపు చూస్తాండావు, ఏందది? పాత బోరా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తెలియక అడిగినా సగం నిజం చెప్పాడు. గోలు కావడానికి ముందు అది మా నాయన బోరే. ఆ సంగతి చెప్పబోయాను గానీ గొర్రెలు కథ వినడానికి ఆగవు కదా, ఆయన వాటి వెంట పోయాడు. మీరు ఆగుతారని చెబుతున్నాను.

మాది ధర్మవరానికి ఆనుకుని, బత్తలపల్లె దోవ మొదట్లో ఉండే నేతపేట. ఆ రోజుల్లో ఏ ఇంటి ముందు నిలబడినా లోపల మగ్గం చప్పుడు వినిపించేది. మా ఇంట్లో రెండు మగ్గాలు, చెరువు కింద ఒక మడి ఉండేవి. మా నాయన మగ్గం మీద కూర్చున్నా మనసంతా మడిలోనే ఉండేది. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, మడి గెనిమ గట్టు మీద నిలబడినా కాళ్ళు ఊరుకునేవి కావు. పెళ్ళికి ముందు ఆయన బెంగుళూరులో పట్టు దారం మెలిపెట్టే కార్ఖానాలో నాలుగేళ్ళు పనిచేశాడు. కార్ఖానా వెనక మైదానంలో సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళట. మొదట చూశాడు, తర్వాత ఆడాడు, ఆ తర్వాత దానికి ఖైదీ అయిపోయాడు. తొంభైల చివర్లో ఇంటికి తిరిగొచ్చేటప్పుడు సంచిలోంచి తీసింది ఒక బంతి. మా అవ్వ దాన్ని చేత్తో నొక్కి చూసి, "నాలుగేండ్లు పరాయి ఊళ్ళో ఉండి తెచ్చింది ఈ గాలినా రా?" అన్నది. చిన్నాయన ఆ మాటకు కూడా నవ్వాడు. ఆయనకు కోపం రావడం నేను జీవితంలో రెండుసార్లే చూశాను, రెండుసార్లూ నా మీదే, రెండుసార్లూ నేను గోలు వదిలేసి ముందుకు పరిగెత్తినప్పుడు.

ఆడాలంటే చోటు కావాలి. పేటలో సందులు మగ్గం అంత వెడల్పు. పొలాలు వేరుశనగ వేసినా వేయకపోయినా ఎవరో ఒకరివే. అందరిదీ, ఎవరూ వద్దననిదీ ఒక్కటే ఉంది, ఎండిపోయిన చెరువు. అప్పటికి అందులో నీళ్ళు చూసి చాలా ఏళ్ళయింది. తుమ్మచెట్లు కొట్టి, రాళ్ళు ఏరి, కట్టకు సమాంతరంగా చిన్నాయన సున్నంతో గీతలు గీశాడు. ఇక గోలు స్తంభాలు మిగిలాయి. ఆ ఎండాకాలమే మా నాయన మడిలో బోరు వేయించాడు. మూడు రోజులు దుమ్ము తప్ప ఏమీ రాలేదు.  వారం తిరక్కుండా చిన్నాయన పోయి, "అన్నా, ఆ కేసింగ్ పైపులు ఊరికే పడుండాయి గదా" అన్నాడు. సమయం చూసి అడగడం ఆయనకు చేతకాదు. "నా బోరు పోయిందని నేను ఏడుస్తాంటే నువ్వు దాంతో ఆట సామాను చేసుకుంటావా? చెరువు ఎండితే ఊరంతటికీ కరువు, నీకు ఒక్కనికి పండగరా!" అని నాయన అరిచాడు. అరిచి, మూడోనాడు తనే ఎద్దులబండిలో పైపులు తెచ్చి చెరువులో దబ్బున పడేసి, వెనక్కి చూడకుండా పోయాడు. కేసింగ్ పైపులు నిలువుకు, మోటారుకని కొనిపెట్టిన సన్న పైపు అడ్డానికి. జిల్లాలో ఎక్కడా లేనంత లావు స్తంభాలు మావి. గోల్‌కీపరుగా నేను వాటికి రుణపడి ఉన్నాను, ఎన్నో బంతులు నా బదులు అవే ఆపాయి.

అట్లా పుట్టింది మా క్లబ్బు. పదకొండు మందిలో తొమ్మిది మంది నేతగాళ్ళం, ఒకరు రంగులద్దేవాడు, ఒకరు పాలవ్యాపారం. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తొక్కుడు కర్రలు తొక్కేవాళ్ళం కాబట్టి మా కాళ్ళకు లెక్క బాగా తెలుసు, ఊపిరే చాలేది కాదు. మగ్గానికి ఒక చిక్కుంది. నేసే చెయ్యి మారితే చీరలో తెలిసిపోతుంది, పేక దెబ్బ, అంటే అడ్డదారాన్ని నొక్కే దెబ్బ, ఒకరిది గట్టి, ఒకరిది మెత్తన. అందుకని ఆటకు పోయినవాడి మగ్గం మీద ఇంకొకరు కూర్చోవడానికి లేదు, ఆ పూట అది మూగగా ఉండాల్సిందే. ఇది గమనించి మా పేటకు దారం ఇచ్చి చీరలు తీసుకునే సావుకారు, ఆట ఉన్న రోజు కూలి తానిస్తానన్నాడు. దాని పేరు ఆట కూలి. దాంతో మేం సగం నేతగాళ్ళం, సగం ఆటగాళ్ళం అయ్యాం. చొక్కాలకు సావుకారు అద్దకం తొట్లలో మిగిలిన వంకాయ రంగు వేయించాడు. చీరకు వేసినప్పుడు బుద్ధిగా ఉండే ఆ రంగు చెమటకు మాత్రం కరిగేది. ఆట ముగిసేసరికి చొక్కాలు తెల్లబడి మేం వంకాయలం అయ్యేవాళ్ళం. మా అమ్మ నన్ను స్నానం చేయకుండా పీట మీద కూర్చోనిచ్చేది కాదు.

అనంతపురం లీగులో కింది డివిజన్‌లో మమ్మల్ని చేర్చుకున్నారు. సగం ఆటలు మా చెరువులో, సగం బయట. ఇక్కడే మా పేరు, మా పరువు రెండూ ఉన్నాయి. చెరువులో మమ్మల్ని ఓడించినవాడు లేడు. చిలమత్తూరు నుంచి వచ్చినవాళ్ళు మంచి ఆటగాళ్ళు, బూట్లు కూడా ఉన్నాయి, అయినా మూడు గోలులు మోసుకుపోయారు. బయటికి పోతే మాత్రం ఎవరైనా మమ్మల్ని ఓడించవచ్చు, తీరిక ఉంటే చాలు. జనం మాకు మొసళ్ళని పేరు పెట్టారు. నీళ్ళున్న చెరువులో మొసలికి బలమని అందరికీ తెలుసు, నీళ్ళు లేని చెరువులో మొసళ్ళను ఇప్పుడే చూస్తున్నామని నవ్వేవాళ్ళు. ఎందుకిట్లా అవుతోందని మేం చర్చించని రోజు లేదు. బస్సు ప్రయాణం అన్నారు, హోటలు ఇడ్లీ అన్నారు. మా బావ, అంటే మేనమామ కొడుకు, మా ఫార్వర్డు, అనంతపురం గాలే మనకు పడదని తేల్చాడు. అసలు కారణం మా కాళ్ళ కింద ఉందని మాకెవరికీ తోచలేదు.

రెండు వేలు దాటాక ఒక ఏడు మేం చెరువులో ఆడినవన్నీ గెలిచి, పై డివిజన్ గడప దాకా వచ్చాం. ఇంకా మూడు ఆటలు మిగిలాయి, మూడింటిలో రెండు ఇంట్లోనే. అప్పుడు వచ్చింది వాన. రెండు పగళ్ళు, మధ్యలో ఒక రాత్రి తెరిపి లేకుండా కురిసింది. వాగు ఎర్రగా పొంగి చెరువులోకి దిగింది. పేటలో మగ్గాలన్నీ ఆగాయి, గుంటల్లోకి నీళ్ళు ఊరాయి, అయినా ఎవరి ముఖంలోనూ దిగులు లేదు. అందరం కట్ట మీదికి పరిగెత్తాం. ముసలివాళ్ళు కూడా గొడుగు లేకుండా తడుస్తూ నిలబడ్డారు. మా కళ్ళ ముందే మొదట సున్నం గీతలు పోయాయి, తర్వాత స్తంభాలు నడుం దాకా మునిగాయి, చివరికి పై పైపు ఒక్కటి మిగిలింది. నేను చిన్నాయన ముఖం చూడలేక నీళ్ళ వంకే చూశాను. ఆయన అప్పటికే పక్కింటి నుంచి కొబ్బరికాయ తెచ్చాడు. అందరికంటే ముందు గంగమ్మకు కాయ కొట్టింది ఆయనే. కొట్టి, అందరికీ చిప్పలు పంచి, "నిండిందిరా, మా అన్న చెరువు నిండింది" అని నవ్వాడు. పక్కన నిలబడిన నాయన చేతిలో పెట్టిన కొబ్బరి ముక్క నోట్లో వేసుకోవడం మరిచిపోయాడు.

మడి ఉన్నవాళ్ళంతా ఆ వారమే నారు పోశారు. ఇన్నేళ్ళ తర్వాత వరి! మా నాయన నడకే మారిపోయింది. అటు లీగువాళ్ళు వానకు ఆటలన్నీ వెనక్కి జరిపి, ఒక ఆటను మా ఎదుటి జట్టే రద్దు చేసుకుంటే, మిగిలిన రెండూ అనంతపురంలోనే ఆడాలన్నారు. ఒకటి గెలిస్తే పై డివిజన్. సావుకారు మా క్లబ్బు గదికి, అంటే దారం కొట్టుకు వచ్చి గడప మీద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, ఉన్నమాట అనేస్తాడంతే. "చూడప్పా, ఇన్నాళ్ళూ చెరువు గెలిచింది, మీరు గాదు. బయట ఒక్క ఆటన్నా గెలవండి, ఇంకా పదేండ్లు ఆట కూలి ఇస్తా. రెండూ పోతే ఇంక నన్ను అడగొద్దు. చెరువూ లేక, గెలుపూ లేక క్లబ్బెందుకు?" అన్నాడు. చిన్నాయన తల ఊపాడు. ఆయనకు పిల్లలు లేరు. ఆ క్లబ్బు పోతే ఆయనకు సాయంత్రాలు ఏముంటాయని మేం ఒకరినొకరం అడగలేదు గానీ అందరికీ అదే గుబులు.

మొదటి ఆట రోజున నాయన కూడా మాతో బస్సెక్కాడు. ఆటకు కాదు, అనంతపురంలో పురుగుమందు కొనడానికి. కొన్నాక, తిరుగు బస్సుకు ఇంకా టైముందని గ్రౌండులోకి వచ్చి తూర్పు పక్కన కట్టిన గ్యాలరీ మెట్ల మీద, మందు డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. జీవితంలో ఆయన చూసిన మొదటి ఫుట్‌బాల్ అది. నాలుగు గోలులతో ఓడిపోయాం. నాలుగూ నా పక్క నుంచే పోయాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. మాది ఒక్క పాస్ కూడా మనిషికి చేరలేదు. బంతి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. చిన్నాయన గొంతు పోయేదాకా అరిచి, చివరికి గడ్డి మీద కూలబడ్డాడు.

తిరుగు బస్సెక్కాం. బత్తలపల్లె దాటాక నాయన ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు.

"ఏమప్పా, ఒకటి అడుగుతా. మీరు బంతిని సక్కగా ఎందుకు తన్నరు?"

మా బావకు ఒళ్ళు మండింది. "సక్కగానే తంతాండాం మామా!"

"లేదు. నేను చూస్తానే ఉండా. అందరూ పడమటికి జరిపి తంతాండారు. తన్ని, తూర్పుకు ఉరుకుతాండారు. బంతి పడమట, మనిషి తూర్పున. ఎందుకట్ల?"

 జవాబు కూడా నాయనే, పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "మన చెరువులో తూర్పున కట్ట, తూము ఉండాయి. నేలంతా తూముకల్లా పల్లం. ఆడ బంతి ఎట్ల తన్నినా తూర్పుకు దొర్లుతాది. అందుకని మీరు పడమటికి జరిపి తన్నేది నేర్చుకున్నారు. ఈడ తూర్పున మెట్లుండాయి గదా, మీ కాళ్ళు దాన్ని కట్ట అనుకున్నాయి. ఈడ పల్లం యాడుందిరా? ఇది సమం నేల."

ఏడేళ్ళ చర్చలు, ఇడ్లీలు, అనంతపురం గాలి అన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. మాకందరికీ ఒకేసారి అర్థమైంది. పుట్టింది మొదలు నీళ్ళు ఎటు పారతాయో చూస్తూ బతికిన మనిషికి మొదటి చూపులోనే కనబడింది, బంతిని చూస్తూ బతికిన మాకు కనబడలేదు. మా బావ తన రెండు పాదాలనూ చూసుకుని, "దొంగ కాళ్ళు" అన్నాడు. చిన్నాయన నవ్వాడు గానీ వెంటనే ముఖం మళ్ళీ వాడిపోయింది. "తెలిసి ఏం లాభం అన్నా? పదహైదు దినాలుండాది. కాళ్ళకు చెప్పాల గదా. సమం నేల యాడ తెచ్చేది? మన చుట్టుపక్కల అంతా మిట్టలూ గుట్టలే" అన్నాడు. నాయన కిటికీలోంచి బయటి మళ్ళ వంక చూశాడు.

మరునాడు పొద్దున్నే వచ్చి మమ్మల్ని లేపింది ఆయనే. తన మడి దగ్గరికి తీసుకుపోయాడు. మూడు గెనిమలు తీసేసి ఒకటి చేసిన మడి, పైతడి ఆరి గట్టిపడి ఉంది. తాత కాలం నుంచి నీళ్ళు నిలబెట్టి, మిట్ట గీకి, పల్లం పూడ్చి చదును చేసిన నేల. బిందెతో నీళ్ళు తెచ్చి నట్టనడుమ కుమ్మరించాడు. నీళ్ళు ఎటూ పోలేదు. గుండ్రంగా పరుచుకుని, ఆలోచించుకుంటున్నట్టు నిలబడి, మెల్లగా ఇంకిపోయాయి. "ఈడ ఆడుకోండి. పదహైదు దినాలు ఇది మీది" అన్నాడు.

వినడానికి చిన్న మాట. అప్పటికి నారు పోసి మూడు వారాలు దాటింది. అందరి మళ్ళల్లో దుక్కులు అయ్యి, నీళ్ళు పెట్టి, అడుసు తొక్కుతున్నారు. మా మడికి మాత్రం తూము నీళ్ళు పోకుండా నాయన కాలువకు మట్టి వేసి మూశాడు. ఇన్నేళ్ళు నీటి కోసం ఆకాశం చూసిన మనిషి, నీళ్ళు వచ్చాక తన చేతులతో తన మడికి రాకుండా ఆపాడు. దోవన పోయేవాళ్ళు ఆగి, "ఏమప్పా, అందరి మళ్ళల్లో నాట్లు, నీ మడిలో బంతులు! కొత్త పంటనా?" అని ఎగతాళి చేశారు. మా అమ్మ నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదోనాడు అన్నం వడ్డిస్తూ, "నారు ముదురుతాండాది. ముసిలి నారు నాటితే పిలకలు రావు, తెల్దా నీకు? తమ్ముని ఆటకు మన గింజలు పోవాల్నా?" అని నిలదీసింది. నాయన ముద్ద కలుపుతూనే చెప్పాడు. "ఇన్నేండ్లూ చెరువు ఎండితే నేను వాన్ని తిట్టినా. నిండిన పొద్దు వాని గ్రౌండు మునిగిపాయ. అయినా వాడు అందరికంటే ముందు కాయ కొట్టినాడు. నేను చూసినా గదా. తక్కువ పండితే తక్కువ తింటాం." ఆ తర్వాత అమ్మ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రాలు మడి గట్టుకు మజ్జిగ పంపేది, కాస్త నీళ్ళు ఎక్కువ కలిపి.

ఆ పదిహేను రోజులు మేం నేర్చుకున్నది ఒక్కటే, సక్కగా తన్నడం. ఎంత సులువో అంత కష్టం. రోజూ పడమటికి జరిగే పాదాన్ని పట్టి ఆపుకోవాలి. చిన్నాయన నేలను చూడకుండా మనిషినే చూసి తన్నమనేవాడు. మా బావ మగ్గం మీద కూర్చున్నప్పుడు కూడా కాళ్ళతో సాధన చేసి ఒక చీర అంచు పాడుచేశాడు, సావుకారు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. నాయన రోజూ వచ్చి గెనిమ మీద కూర్చునేవాడు. బంతి మనిషికి చేరితే ఏమీ అనేవాడు కాదు. చేరకపోతే, "తూము!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకు మేం బడిపిల్లల్లా భయపడేవాళ్ళం.

రెండో ఆటకు పేటలో సగం మంది వచ్చారు, సావుకారు తన వ్యానులో ఆడవాళ్ళను కూడా తెచ్చాడు. ఎదుటిది పట్నం జట్టు, ఆ ఏడు ఎవరి చేతిలోనూ ఓడనిది. మొదట మేం బాగానే ఆడాం. పాసులు చేరుతున్నాయి. అయితే నూరు మందిని చూసేసరికి పాత భయం వచ్చింది, భయంతోపాటు పాత కాళ్ళూ వచ్చాయి. తప్పు చేసింది నేనే. పట్నం ఫార్వర్డు కొట్టిన బంతి నేరుగా నా పడమటి చేతి వైపే వచ్చింది. నేను మాత్రం అది తూర్పుకు దొర్లుతుందని గ్యాలరీ వైపు ఒక అడుగు వేశాను. దొర్లలేదు. గోలు. వెంటనే మావాళ్ళ పాసులన్నీ మళ్ళీ పడమటికి పోవడం మొదలైంది. గ్యాలరీ నుంచి, "తూము! తూము!" అని నాయన గొంతు వినబడుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు అది మా క్లబ్బు పేరనుకుని వాళ్ళు కూడా అరిచారు.

హాఫ్ టైంలో చిన్నాయన మా మధ్య నిలబడి మళ్ళీ మనిషిని చూసి తన్నమనే చెప్పాడు. నేను తల ఎత్తలేదు. అప్పుడు గ్యాలరీ దిగి, కుళాయి దగ్గర ఎవరిదో బిందె అడిగి నింపుకుని, పంచె ఎగ్గట్టి, నాయన గ్రౌండు మధ్యకు నడిచి వచ్చాడు. రిఫరీ ఈల వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ పెద్దాయనా, ఏం చేస్తాండావు? పూజలు ఆటకు ముందే చేసుకోవాల!" నాయన తొణకలేదు. "పూజ గాదు సార్. ఒక్క నిమిషం" అని బిందె వంచాడు. మేం పదకొండు మందిమీ చుట్టూ చేరి చూశాం. నీళ్ళు ఎటూ పోలేదు. గుండ్రంగా పరుచుకుని నిలబడ్డాయి. గ్యాలరీ వైపు ఒక చుక్క కూడా జారలేదు. నాయన నా ముఖంలోకి చూసి, "పల్లం ఉంటే నీళ్ళకు తెలీదా? నువ్వేమన్నా నీళ్ళకంటే తెలివైనోనివా?" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కాళ్ళకు చెప్పాల్సింది చెప్పేశాడాయన.

పట్నం జట్టుకు మాత్రం అది వేరేగా అర్థమైంది. అవి మంత్రించిన నీళ్ళని ఎవరో అన్నారట. రెండో సగమంతా వాళ్ళు ఆ తడి మచ్చను తొక్కకుండా చుట్టూ తిరిగి ఆడారు. గ్రౌండు నట్టనడుమ దోవ మాకు వదిలేశారు. నాయన ఆ లాభం కోసం చేయలేదు, అది మంత్రమని ఎవరైనా అంటే ఒప్పుకోనూ లేదు. పది నిమిషాలకే మా రంగులద్దేవాడు సక్కగా ఇచ్చిన బంతిని మా బావ ఆగకుండా కొట్టాడు. సమానం అయ్యాం. ఇక అక్కడి నుంచి మేం ఆడిన ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బంతి ఎటు పోవాలనుకుంటే అటే పోయింది. దారం మోసే నాడె పడుగులోంచి పోయినట్టు ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి పోయింది. పేట ఆడవాళ్ళు మెట్ల మీద లేచి నిలబడ్డారు. మా అమ్మ ఈల వేసిందని తర్వాత చెప్పారు, ఆమె మాత్రం ఇప్పటికీ కాదంటుంది.

ఆట ముగియడానికి కొంచెం ముందు అదే ఫార్వర్డు అదే వైపు నుంచి అదే బంతి కొట్టాడు. ఈసారి నా పాదం కదలలేదు. నేను ఉన్నచోటనే ఉన్నాను, బంతి నేరుగా నా చేతుల్లోకి వచ్చింది, ఎప్పటి నుంచో నా కోసమే వస్తున్నట్టు. క్షణం ఆగకుండా తన్నాను. పడమటికి జరపలేదు, తూర్పును తలుచుకోలేదు. ఎదురుగా చెయ్యెత్తి ఉరుకుతున్న మా బావను చూసి తన్నాను. ఆరిపోతున్న ఆ నీటి మచ్చ మీదుగా పోయి బంతి ఆయన ముందే పడింది. ఒక్క మనిషిని దాటించి, వంకాయ రంగు కారుతున్న కాలితో కొట్టాడు. వల కదిలింది. అంతే, తర్వాత ఏం జరిగిందో వరుసగా గుర్తులేదు. సావుకారు తన పట్టు కండువా గాల్లోకి విసిరాడు, అది ఎవరికో దొరికింది, మళ్ళీ ఆయనకు చేరలేదు. రిఫరీ ఆఖరి ఈల వేసినప్పుడు చిన్నాయన మా వైపు రాలేదు. గ్యాలరీ వైపు పరిగెత్తాడు. అక్కడ నాయన పక్కనున్న మనిషిని, "అయిపాయనా? గెలిచింది మనోళ్ళేనా?" అని అడుగుతున్నాడు. తమ్ముడు వచ్చి కాళ్ళు పట్టుకోబోతే భుజం పట్టి ఆపి, "లెయ్ రా. రేపు నాట్లుండాయి" అన్నాడు. అన్నాడే గానీ భుజం మీది చెయ్యి మాత్రం బస్సు ఎక్కేదాకా తీయలేదు.

మరునాడు తెల్లారేసరికి పిలవకుండానే పదకొండు మందిమీ మడిలో ఉన్నాం. కాలువకు వేసిన మట్టిని చిన్నాయన తన చేతులతో తీశాడు. తూము నీళ్ళు గలగలమంటూ వచ్చి మా గీతలను కలిపేసుకున్నాయి. నాగలి తిరిగాక మగ్గం తొక్కిన ఆ కాళ్ళతోనే అడుసు తొక్కాం. నాట్లు వేసే ఆడవాళ్ళు, "మొసళ్ళు నీళ్ళలోకి వచ్చినాయి" అని పాట కట్టి పాడారు. ఆ ఏడు మా పంట అందరికంటే తక్కువే. అమ్మ ఆ మాట ఏటా ఒకసారి గుర్తుచేస్తుంది. కానీ ఆ కొత్త బియ్యం మొదటి అన్నం పదకొండు మందికీ తనే పిలిచి పెట్టింది, మజ్జిగ కూడా చిక్కగా పోసింది.

పై డివిజన్‌లో ఏడేళ్ళు ఆడాం, ఒక ఏడు కప్పు కూడా తెచ్చాం. సావుకారు మాట తప్పలేదు. పేట చివర ఒక చదును గ్రౌండు వచ్చింది, ఇప్పుడు అక్కడ ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు, చిన్నాయన కుర్చీలో కూర్చుని ఇంకా అరుస్తున్నాడు. నాయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ పెద్ద ఆటకు ముందు మా క్లబ్బు వాళ్ళు గ్రౌండు నడుమ బిందెడు నీళ్ళు పోస్తారు. ఎందుకో పిల్లలకు తెలియదు. పసుపు కలిపారు, పూలు చేర్చారు, తూర్పుకు తిరిగి దండం పెడుతున్నారు. నాయన చూస్తే బిందె లాక్కుని తిట్టేవాడు. నేను మాత్రం పోసినప్పుడల్లా దగ్గరికి పోయి, నీళ్ళు నిలబడ్డాయా లేదా అని చూసి వస్తాను.

పిట్ట ఎగిరిపోయింది. ఎండ ఎక్కేదాకా కట్ట మీదే నిలబడ్డాను. కాలానికీ మన చెరువులాగే ఒక పల్లం ఉంది, మనుషులూ ఏళ్ళూ అన్నీ అటే జారిపోతాయి. మా నాయన తన మడికి నీళ్ళు ఆపుకుని మాకిచ్చిన ఆ పదిహేను రోజులు మాత్రం ఎటూ జారకుండా, ఆయన కుమ్మరించిన చోటనే నిలబడి ఉన్నాయి.